నరేష్ మోకాలు

ఏళ్ళ తరబడి ఒక మాటను మింగలేక కక్కలేక బతుకుతున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. స్నేహితులకు అసలే చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. విన్నాక మీరు తిట్టుకున్నా నాకు వినిపించదు. నా ధైర్యం అంతవరకే.

మాకు చిక్కడపల్లిలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. నాకు బాస్కెట్‌బాల్ ఆడటం రాదు. బంతిని రింగుదాకా చేర్చడమే గగనం. కానీ ఆటను చూడటంలో నన్ను మించినవాడు లేడని పొగరు. సాయంత్రమైతే దుకాణం తమ్ముడికి అప్పజెప్పి, నారాయణగూడ గ్రౌండు మెట్ల మీద వాలిపోయేవాణ్ణి. అక్కడ ఆడే జట్టే మా జట్టు.

నిజానికి మాకు ఆటలు జరిగే కాలం కంటే జరగని కాలమే ఎక్కువ ఇష్టం. లీగు ముగిసి ఎండలు ముదిరాక, ఏ జట్టు ఎవరిని తీసుకుంటుంది, ఎవరు ఎటు పోతారు అన్న ముచ్చట్లు మొదలవుతాయి. మెట్ల మీద నలుగురైదుగురం కూర్చుని జట్లు కట్టేవాళ్ళం, విడగొట్టేవాళ్ళం. మా ఆజన్మ శత్రువు బషీర్‌బాగ్‌లోని ఒక ఆఫీసు జట్టు. రింగు కింద ఆడే వాళ్ళ పొడుగు సెంటర్‌ను మనం తెచ్చుకుందామని, బదులుగా మన ఇద్దరిని వాళ్ళకు అంటగడదామని, ఆటగాళ్ళంతా మా జేబుల్లో ఉన్నట్టు మాట్లాడేవాళ్ళం. మమ్మల్ని అడిగేదెవరని?

అడిగేవాళ్ళు ఉన్నారు. అదే వచ్చిన చిక్కు. మా దగ్గర ఒక అలవాటు ఉంది. ఒక కోచ్‌కు అవతలి జట్టు ఆటగాడి మీద కన్ను పడితే, ఆ జట్టు కోచ్‌ను అడగడు. అడిగినా నిజం రాదు. వదిలించుకోవాల్సినవాణ్ణి ఆకాశానికెత్తుతారు, ఉంచుకోవాల్సినవాడికి వంకలు పెడతారు. అందుకని మెట్ల మీద కూర్చునే మాలాంటివాళ్ళను పక్కకు పిలిచి, చాయ్ తాగిస్తూ మెల్లగా కూపీ లాగుతారు. మేం రోజూ చూస్తాం కదా. పైగా మాకు ఇందులో వచ్చేది లేదు, పోయేది లేదు అని వాళ్ళ లెక్క. అభిమానిని అంత అమాయకంగా ఎలా నమ్ముతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నరేష్ మా జట్టు ప్రాణం. జనగామ పక్క పల్లె నుంచి గ్రూప్స్‌కు చదువుకోవడానికి వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లో ఉండేవాడు. పొద్దంతా పుస్తకాలు, సాయంత్రం ఆట. ఎగిరితే దిగడం మరిచిపోయినట్టు ఉండేది. నోటిఫికేషన్ ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయాడు. అలాంటి సమయంలో బషీర్‌బాగ్ ఆఫీసులో ఆటగాళ్ళ కోటా కింద ఒక ఉద్యోగం పడింది. ఆ జట్టులోకి వెళ్ళడమంటే ఆ ఉద్యోగంలోకి వెళ్ళడమే. ఊళ్ళో వాళ్ళమ్మ బీడీలు చుట్టడం మానేయొచ్చు. ఈ సంగతి నాకు తెలుసు. తెలియదని మాత్రం అనను.

అప్పుడే మెట్ల మీద ఒక పుకారు లేచింది. వాళ్ళ పొడుగు సెంటర్‌కు కోచ్‌తో పడటం లేదట, మా దగ్గరికి వచ్చేస్తాడట. ఇక నా బుర్రలో ఒకటే బొమ్మ. నరేష్ బంతి అందిస్తాడు, పొడుగాయన రింగులో వేస్తాడు, కప్పు మాది. తింటూ పడుకుంటూ ఆ బొమ్మనే పెంచుకున్నాను. ఇద్దరూ ఒకే జట్టులో ఉండాలి. నరేష్ వెళ్ళిపోతే నా బొమ్మ ఏమైపోవాలి?

ఆ వారంలోనే బషీర్‌బాగ్ కోచ్ యాదగిరి సార్ నన్ను నారాయణగూడలోని ఇరానీ హోటల్‌కు పిలిచాడు.

"ఏం సేఠ్, మీ నరేష్ ఎట్లుంటడు? జర నిజం చెప్పు."

"ఆట కిరాక్ సార్. డౌటే లేదు."

"మరి గట్ల నసుగుతున్నవేంది?"

"ఏం లేదు సార్... మోకాలే జర. వానకాలం వాపొస్తది. ఎవ్వరికి చెప్పుకోడు పాపం. నేను చెప్పిన్నని మాత్రం అనకుండ్రి."

"కొత్తదా, పాతదా?"

"పాతదే సార్."

ఆయన చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "మంచిగ చెప్పినవ్ సేఠ్. లేకుంటే రేపు నేను పరేషాన్ అయ్యేటోన్ని" అన్నాడు.

చూశారా, ఎంత తేలికగా వచ్చిందో. ముందే అనుకుని వెళ్ళానా? లేదనే చెప్పుకుంటాను. మరి "పాపం" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? అబద్ధం మీద జాలి కూడా చల్లి ఇచ్చానే, అది నోరు జారడమెలా అవుతుంది? డాక్టర్‌కు చూపిస్తారు, ఏమీ లేదని తేలుతుంది, కాస్త ఆలస్యమవుతుంది, అంతేకదా అని ఇంటికి వచ్చేదాకా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ ఒక ఉద్యోగానికి ఇద్దరు కుర్రాళ్ళు పోటీలో ఉన్నప్పుడు, అనుమానం ఉన్నవాణ్ణి డాక్టర్ దాకా ఎవరు తీసుకెళ్తారు? రెండోవాణ్ణి తీసుకున్నారు.

వినగానే బషీర్‌బాగ్ పరుగెత్తాను. అబద్ధం చెప్పానని చెప్పడానికే వెళ్ళాను. తీరా యాదగిరి సార్ ఎదురుపడేసరికి, మోకాలు ఇప్పుడు నయమైందట సార్ అన్నాను. ఆర్డర్లు ఇచ్చేశాం కదా సేఠ్ అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పొడుగు సెంటర్ మా జట్టుకు రాలేదు. కోచ్‌తో రాజీపడి అక్కడే ఉండిపోయాడు.

ఆ ఆఫీసులో ఎవరో నరేష్‌తో అన్నారట, నీ మోకాలు బాగాలేదని విన్నామని. మొదట్లో నవ్వాడు. నా మోకాలికేమైంది అని మెట్ల మీద అందరి ముందూ గంతులు వేసి చూపించాడు. తర్వాత ఆట మధ్యలో వంగి మోకాలు నొక్కుకోవడం మొదలుపెట్టాడు. నాకు తెల్వకుండ ఏమన్న ఉందేమోనని అనేవాడు. మోకాలి పట్టీ కొనుక్కుంటానంటే సుల్తాన్ బజార్‌కు తోడు వెళ్ళింది నేనే. బిగుతుగా ఉందా వదులుగా ఉందా అని కూడా అడిగాను. ఆ పట్టీ కట్టాక అతను మునుపటిలా ఎగరలేదు. దిగేటప్పుడు ఏమవుతుందోనని ఎగరబోయి ఆగేవాడు. నేను మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండేవాణ్ణి. చూడటమే కదా నాకు వచ్చింది.

తర్వాత ఆటే మానేశాడు. పరీక్షలకూ వయసు దాటిపోయింది. ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఒక స్టడీ హాలు చూసుకుంటున్నాడు. తనలాగే పల్లెల నుంచి వచ్చిన పిల్లలు చదువుకుంటుంటే ఫ్యాన్లు వేస్తాడు, కుర్చీలు సర్దుతాడు. వాళ్ళమ్మ ఇంకా బీడీలు చుడుతూనే ఉంది.

మొన్న ఆ హాలు బయట కలిశాడు. అదీ ఇదీ మాట్లాడి, ఉన్నట్టుండి అడిగాడు.

"అన్న, నిజం చెప్పు. గప్పుడు రోజూ చూస్తుంటివి గద. నా మోకాల్ల నిజంగనే ఏమన్న కనవడేదా నీకు?"

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఇంకెప్పుడు వస్తుంది? అడిగినవాడు అతనే. పక్కన ఎవరూ లేరు.

"జర కనవడేది రా" అన్నాను.

నరేష్ గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే ఆళ్ళ తప్పేం లేదు తియ్. ఇన్నేండ్లు ఊకెనే మనసుల పెట్టుకున్న" అన్నాడు. ముఖం తేటపడింది. లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసి నాకు చాయ్ తెప్పించాడు. తాగాను.

ఇప్పుడు వెళ్ళి నిజం చెబితే అతనికి దొరికిన ఆ కాస్త శాంతిని కూడా లాక్కున్నవాణ్ణవుతాను. చెప్పకపోతే అతను ఆ మోకాలినే తిట్టుకుంటూ బతుకుతాడు. అతని మంచి కోసమే ఆగానని రాద్దామనుకున్నాను. అదీ అబద్ధమే. భయపడి ఆగాను. అతను నన్ను కొట్టడు, తిట్టడు, ఊరికే చూస్తాడు. ఆ చూపుకు భయం.

ఏం చేయాలో నాకు తోచడం లేదు. మీరు చెప్పినా చేసే మనిషిని కాను. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి ముందు అనకపోతే ఊపిరాడదు. అందుకే అంటున్నాను.

నరేష్ మోకాలికి ఏమీ లేదు. ఎన్నడూ లేదు.