ఊహకి వదిలేసిన మూడో ముడి

బాపట్లలో ఒక పెళ్లిని నేను రెండు ముళ్ల దగ్గరే ఆపేశాను. కంగారుపడకండి, పెళ్లికొడుక్కి ఏమీ కాలేదు. నేను ప్రాణాలతో బయటపడటమే వింత.

వీడియో క్యాసెట్ల రోజులవి. తెనాలిలో పెళ్లిళ్లకి వీడియోలు తీసేవాణ్ణి. ఆ వారమే మా ఫిలిం క్లబ్బులో ఒక పాత నలుపు తెలుపు విదేశీ సినిమా వేశారు. అందులో అసలు ఘట్టం చూపించరు. గోడ మీద నీడ కదులుతుంది, పొగ పైకి లేస్తుంది, మిగతాది మనమే ఊహించుకోవాలి. ఆ తర్వాత వచ్చిన గొప్ప సినిమాలన్నిటికీ అదే తల్లి అన్నాడు మా సెక్రటరీ. ఆ రాత్రి నేను ఇంటికి నడిచి వెళ్లలేదు, తేలుతూ వెళ్లాను. దారిలో కరెంటు స్తంభం నీడ కనపడినా ఆగి ఆహా అనుకున్నాను.

అలా తేలుతూనే బాపట్ల పెళ్లికి వెళ్లాను. పెళ్లికూతురిది రేపల్లె. తల్లి లేని ఆ పిల్లని పెంచిన నాయనమ్మ కాలు విరిగి ఇంట్లో మంచాన ఉంది. పెళ్లికూతురి తండ్రి నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు.

"ఏది వదిలేసినా పర్లేదు బాబూ, తాళి కట్టడం మాత్రం మా అమ్మకి కనపడాలి."

ముహూర్తం వేళ పెళ్లికొడుకు చేతుల నీడ వెనక కట్టిన తెల్లగుడ్డ మీద పడింది. ఎంత అందంగా ఉందనుకున్నారు! కెమెరా అటు తిప్పేశాను. ఇంతలో అగరొత్తుల పొగ నన్ను పిలిచింది. దాని వెంటే పందిరి పైకప్పు దాకా వెళ్లిపోయాను.

మర్నాడు సాయంత్రం క్యాసెట్టూ, కెమెరా పట్టుకుని రేపల్లె వెళ్లాను. అందరూ టీవీ ముందు కూర్చున్నారు, కొత్త దంపతులతో సహా. మామ్మగారు నీడ చేతుల్ని చూస్తూ వేళ్లు మడిచింది. ఒకటి, రెండు. ఆపైన పొగ.

"మూడో ముడి ఏదయ్యా?"

"అది చూసేవాళ్ల ఊహకి వదిలేశానండి."

"నా మనవరాలి పెళ్లి నేను ఊహించుకోవాలా? మూడో ముడి చూసేదాకా నా లెక్కలో పెళ్లి కాలేదు. అబ్బాయికి పడక వరండాలో వెయ్యండి."

పెళ్లికొడుకు నా చెవిలో, టేపు కాస్త ముందుకి తిప్పి చూడమని బతిమాలాడు. తిప్పాను. పొగ తర్వాత కూడా పొగే ఉంది.

చివరికి పెళ్లికూతురే మంచం పక్కన కూర్చుని, జడ పక్కకి తీసి మెడ వంచింది. మామ్మగారు పసుపుతాడు తడిమింది. ఒకటి, రెండు, మూడు. ఆ ముసలి వేళ్లు మూడో ముడి మీదే ఉండిపోయాయి. కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడి, వాళ్లిద్దరి నీడా గోడ మీద ఒకటైపోయింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ మహా సినిమాలో కూడా ఇంత గొప్ప ఘట్టం లేదు.

"ఇదన్నా తీశావా నాయనా?" అంది మామ్మగారు.

కెమెరా నా ఒళ్లోనే ఉంది. మూత కూడా తియ్యలేదు.

అందుకే ఆ నీడ మీదా, ఆ పొగ మీదా ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఏ పెళ్లిలోనైనా సరే, మూడో ముడి పడేదాకా కెమెరా కాదు కదా, కనురెప్ప కూడా కదపను.