గాలిమోటరులో ఎడమ కిటికీ

"పెద్దబాపు పోయిండు" అని బాపు ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ ల్యాబులో పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. కరీంనగర్ ఆసుపత్రిలో ఆయనను చేర్చినప్పటి నుంచీ ఎదురుచూస్తున్న ఫోనే. ముందే తెలిసినంత మాత్రాన దుఃఖం తగ్గదని ఆ రోజు తెలిసింది.

ఆయన మా బాపుకు అన్న. భూమి కింద బొగ్గుబాయిలో పని చేసి రిటైరయ్యాడు. మీలో బాయిపని ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళుంటే ఒక అలవాటు గుర్తుపడతారు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు పైకప్పు వంక చూసేవాడు. ఆ తర్వాతే మనుషుల వంక. బాయి ఆయనకు పింఛనుతో పాటు దగ్గునూ ఇచ్చింది.

రిటైరైన ఏడాదే గాలిమోటరు ఎక్కిస్తానని, కిటికీ పక్కనే కూర్చోబెడతానని పెళ్ళైన కొత్తలో పెద్దమ్మకు మాటిచ్చాడట. తీరా రిటైరయ్యాక, ఈ ఊపిరితిత్తులతో విమానం జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. నువ్వైనా పోయి రమ్మంటే పెద్దమ్మ ససేమిరా అంది. ఇచ్చిన మాట ఆయనకు గొంతులో ముల్లయి కూర్చుంది.

కంప్యూటర్ మీద అచ్చం నిజంలాగా విమానం నడపవచ్చని ఎవరో చెప్పారు. కంప్యూటరూ, ఆ ఆటా కొన్నాడు, కిందా మీదా పడి నేర్చుకున్నాడు. కరెంటు పోతే విమానం పడిపోతుందని ఇన్వర్టర్ కూడా పెట్టించాడు. ఒకరోజు మానేరు డ్యామ్ మీదుగా ఎగిరి, చూడమని పెద్దమ్మను పిలిచాడు. ఆమె కాసేపు చూసి ఒకటే అడిగింది.

"గిది డ్రైవరు అద్దం. నా కిటికేది?"

దాంతో నాకు పిలుపు వచ్చింది. ముందొకటి, ఇరుపక్కలా రెండు, మొత్తం మూడు తెరలు కావాలన్నాడు. మూడూ ఒకే సైజువి కొనమని నెత్తి కొట్టుకుని చెప్పాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. పక్కలకు ఎక్కడివో రెండు పాత తెరలు తెచ్చాడు. మధ్యది పెద్దది, పక్కవి చిన్నవి. తీగలన్నీ కలిపి, పక్క తెరలను కాస్త లోపలికి తిప్పి పెట్టాను. విమానం లేచింది. మధ్య తెరలో ఆకాశాన్ని తాకే నేల అంచు ఒకచోట ఉంటే, ఎడమ తెరలో బెత్తెడు కిందికి ఉంది. ఎడమ కుర్చీలో కూర్చున్న పెద్దమ్మకు తల తిరిగింది. కళ్ళు మూసుకుని లేచిపోయింది.

మళ్ళీ నేను వెళ్ళేసరికి మేస్త్రీలు గోడ మట్టం చూసే నీళ్ళ పైపు పట్టుకుని తెరల ముందు నిలబడి ఉన్నాడు. కరెంటు సామాను దగ్గర నీళ్ళేమిటని అరిచాను.

"నీళ్లు అబద్ధం చెప్పవు బిడ్డా" అన్నాడు.

నీళ్ళు నిజమే చెప్పాయి, ఆయనే తప్పు చోట అడుగుతున్నాడు. పై అంచులు కాదు, తెరల నడుములు కలపాలని చెప్పాను. వెంటనే పెద్దమ్మ బొట్టుబిళ్ళలు తెచ్చి, కొలిచి, ఒక్కో తెర చట్రానికి సరిగ్గా నడిమిట్ల ఒకటి అంటించాడు. ఆ బొట్లను నీళ్ళ మట్టానికి తెస్తూ పక్క తెరల కింద చెక్కలు పేర్చాడు. నేల అంచు మూడు తెరల్లో ఒకటే గీతయింది. పైకి చెప్పలేదు కానీ, నాకు ముచ్చటేసింది.

మిగిలింది తెరల మధ్య నల్లటి పట్టీలు. చూపు అక్కడ తెగుతుందని నేను విసుక్కున్నాను. ఆయన నవ్వాడు. బాయిలో బొగ్గంతా తవ్వేయరని, కప్పు ఆగడానికి నడుమ పిల్లర్లు వదులుతారని, ఇవీ అవేనని చెప్పాడు. దృశ్యం పట్టీ దగ్గర తెగిపోకుండా, దాని వెనకగా వెళ్ళి అవతల తేలేలా సెట్టింగులు మార్చాను. చెరువో రోడ్డో పట్టీ చాటుకు వెళ్ళినప్పుడల్లా "పిల్లర్ అవతల ఉన్నది, వస్తది" అనేవాడు.

అప్పటికే దగ్గు ముదిరింది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా మీట నొక్కి విమానాన్ని గాలిలోనే ఆపేవాడు. "జర దమ్ము తీస్కోనియ్యి" అని చేయెత్తేవాడు. మేము ఆగేవాళ్ళం.

అన్నీ కుదిరాక పెద్దమ్మ మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంది. ఈసారి తల తిరగలేదు. హుస్నాబాద్ దగ్గర తన తల్లిగారి ఊరు చూపించమంది. నేరుగా ఆ ఊరి మీదే మొదలుపెట్టవచ్చని అంతకుముందే నేను ఆయనకు చెప్పి ఉన్నాను. గట్ల దిగవడితే అది ప్రయాణమెట్ల అయితదని కోప్పడ్డాడు. ఆ రోజు నేను లేను, ఇద్దరే కరీంనగర్ నుంచి బయలుదేరారు. దారిలో కనిపించిన ఇళ్ళకు పరదేశపు వాలుకప్పులుంటే, ఇవి మా దిక్కు ఇండ్లు కావని పెద్దమ్మ పేచీ పెట్టిందట. ఊరు దగ్గరపడుతుండగా, ఆమె కిటికీలోకి వచ్చేలా ఆయన విమానాన్ని ఎడమకు వంచాడు. అప్పుడే దగ్గు తెర వచ్చింది. మీట నొక్కి విమానాన్ని ఆపాడు. ఆ కుర్చీలో నుంచే ఆసుపత్రికి తీసుకుపోయారు.

పదో రోజు పెద్దమ్మ నుదుటి బొట్టు తీశారు. చుట్టాలకు గది కావాలి, ఆ తీగలు విప్పమని ఎవరో అంటే నేను లోపలికి వెళ్ళాను. బల్ల కింద కంప్యూటర్ సన్నగా మోగుతూనే ఉంది. ఇన్ని రోజులూ దాన్ని ఎవరూ ఆపలేదు. మౌసు కదిలించగానే మూడు తెరలూ వెలిగాయి. చట్రాల మీద బొట్లు అలాగే ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు.

పెద్దమ్మ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. మధ్య తెరలో పొలాల నడుమ ఒక బాట వచ్చి నల్లపట్టీ చాటుకు పోతోంది. ఆమె దాన్ని చూపించింది.

"గా తొవ్వ మా ఊరిదే. పిల్లర్ అవతల మా ఊరు."

ఆ మీట నొక్కితే చాలు, ఊరు ఆమె కిటికీలోకి వచ్చేస్తుంది. చేయి చాపాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్యి బిడ్డా. ఆయనను జర దమ్ము తీస్కోనియ్యి."

ఇద్దరం అలాగే కూర్చున్నాము. పొలాల మీద, ఎడమ రెక్క వంచి, విమానం ఆగి ఉంది.