తప్పు మనదా, వాళ్ళదా?

చెదిరిపోయిన వెబ్ పేజీ కంటపడితే దాన్ని బాగుచేయకుండా భీమశంకర్ అక్కడినుంచి కదలలేడు. ఎదురుగా విస్తరి వేసి ఉన్నా సరే.

అమెరికాలో, పార్సిప్పనీలో మా పక్క బిల్డింగ్‌లో ఒంటరిగా ఉండేవాడు. ఉద్యోగం కడుపు కోసం. ప్రాణమంతా ఒక చిన్న ఓపెన్ సోర్స్ బ్రౌజర్ మీద. దేశానికొకరు చొప్పున నలుగురైదుగురు పైసా తీసుకోకుండా రాసే బ్రౌజర్ అది. పెద్ద బ్రౌజర్ల కోసం కట్టిన సైట్లు అందులో తెరిస్తే బొమ్మలు వెళ్ళి అక్షరాల నెత్తిన కూర్చునేవి. అప్పుడు మనవాడు పేజీ వెనక కోడంతా తెరిచి, గడ్డం గోక్కుంటూ అడిగేవాడు: "తప్పు మనదా, వాళ్ళదా?"

ఒకసారి పిజ్జా ఆర్డర్ చేయమంటే ఆ షాపు పేజీలో బటన్ కనపడలేదు.

"ఫోన్ చెయ్యరా" అన్నాను.

"ఫోన్ చేస్తే పిజ్జా వస్తుంది. బటన్ రాదుగా."

ఆ పూట అటుకులు తిన్నాం. బటన్ మాత్రం వచ్చింది.

నేనూ మా ఆవిడ గౌరీ పోట్లాడుకుంటున్నా వాడిది అదే ప్రశ్న. "తప్పు మనదా, ఆవిడదా?"

"ఆవిడదే."

"అయినా సర్దుకోవాల్సింది మనమే. చిన్న బ్రౌజర్‌వాళ్ళకి వేరే దారి లేదు."

ఆ రోజు గౌరి వాడికి రెండోసారి కాఫీ ఇచ్చింది.

2008 చలికాలంలో గౌరి డెలివరీకని మా అత్తగారు శేషమ్మగారు వచ్చారు. బయట మంచు. పగలు మాట్లాడే మనిషి లేడు. కారు లేనిదే కాలు బయట పెట్టలేరు. వచ్చిన కొద్దిరోజులకే, "నా వల్ల కాదు నాయనా, టికెట్ మార్పించు" అన్నారు. కాన్పుకి ఇంకా రెండు నెలలుంది. అమ్మ వెళ్ళిపోతే తన గతేమిటని గౌరికి ఒకటే బెంగ.

ఆవిడ ప్రాణాలు ఒక తెలుగు వారపత్రిక సీరియల్‌లో ఉన్నాయి. పత్రిక సైట్ ఉంది గానీ, అది వాళ్ళ సొంత ఫాంటుతో కట్టింది. మా పాత కంప్యూటర్లో తెరిస్తే గీతలూ చుక్కలే. ఈ మాట చెవిన పడగానే భీమశంకర్ ముఖం వెలిగిపోయింది. శనివారం పొద్దున్నే దిగాడు.

"తప్పు వాళ్ళదే" అని తేల్చాడు. చిక్కల్లా, వాడు భిలాయ్‌లో పుట్టి పెరిగినవాడు. తెలుగు మాట్లాడగలడు, చదవలేడు. వాడు తన బ్రౌజర్‌ని సరిచేయడం, ఆవిడ చదివి చెప్పడం.

"ఈ వత్తు కిందికి దిగలేదు నాయనా."

"ఇప్పుడు చూడండి పిన్నిగారూ."

"దిగింది. పైన గుడి ఎగిరిపోయింది."

ఇక ప్రతి శనివారం కొత్త వెర్షన్, పప్పూ అన్నం, మళ్ళీ వత్తులు. మధ్యలో ఏ లోపం దొరికినా ఆవిడ వాడి ఆఫీసుకి ఫోన్ చేసేవారు. టికెట్ ఊసే లేదు.

ఒకరోజు నా ఆఫీసులో ఆ బ్రౌజర్ దింపుకుని పత్రిక తెరిచాను. అక్షరం పొల్లుపోలేదు. మరి మా ఇంట్లో వత్తులింకా పక్కకి దొర్లుతున్నాయేం? సాయంత్రం పార్కింగ్ లాట్‌లో భీమశంకర్‌ని పట్టుకున్నాను.

"తప్పు మనదా, వాళ్ళదా?"

వాడు బూట్ల మీది మంచు దులుపుకున్నాడు. "నాదేరా. అదెప్పుడో బాగైపోయింది. మీ ఇంటి కాపీలో మాత్రం వారానికొకటి చెడగొట్టి ఇస్తున్నా. పని లేకపోతే పిన్నిగారు మళ్ళీ టికెట్ అంటారు."

చెదిరిన పేజీ చూస్తే ముద్ద మింగలేని మనిషి, చేతులారా చెడగొట్టడానికి ఎంత అవస్థపడ్డాడో. నాకు వాడిమీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది.

కాన్పు సుఖంగా అయింది. అత్తగారు తిరుగు ప్రయాణానికి సూట్‌కేస్ సర్దుకుంటుంటే అసలు సంగతి చెప్పేశాను. ఆవిడ చీర మడత ఆపలేదు.

"తెలుసు నాయనా. పోయిన శనివారం కుదురుగా కూర్చున్న వత్తు, ఈ శనివారం తనంతట తాను లేచిపోతుందా?"

"మరి వాడికి చెప్పలేదేం?"

"చెబితే మళ్ళీ ఎందుకొస్తాడు? వారానికి ఒక్క పూటైనా వేడన్నం తింటున్నాడు కదా అని ఊరుకున్నాను."