పెంటమ్మ కోసం వచ్చిన మనిషి

ఒక తల్లి తన బిడ్డను తీసుకుపోవడానికి వచ్చింది. బిడ్డ లేదని చెప్పి నేను పంపించేశాను. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఇదే. చెప్పడానికి రెండు ముక్కలు. కానీ ఈ రెండు ముక్కల దగ్గరికి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు. కన్నపిల్లలకు చెప్పలేదు. ప్రార్థనలో దేవుడికి కూడా చుట్టూ తిప్పి చెప్పానే గాని సూటిగా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అరవైల మొదట్లో సంగతి. జహీరాబాదులో బొంబాయి రోడ్డుకు కొంచెం లోపలగా ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉండేది. హాస్టలని పేరే గాని, ఉన్నవాళ్ళలో సగం మంది ఎవరూ లేనివాళ్ళం, లేదా ఉండీ లేనివాళ్ళం. మా అమ్మ పోయాక నాన్న నన్ను రాయికోడ్ నుంచి బండి మీద తెచ్చి అక్కడ దింపాడు. వచ్చే వారం అంగడికి వస్తానన్నాడు. అంగడి వెనక అంగడి గడిచింది. ఆయన రాలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని ఎవరో అమ్మగారితో అంటుంటే తలుపు చాటునుంచి విన్నాను. అమ్మగారంటే మా వార్డెను. చెడ్డ మనిషి కాదు, వేళకు అన్నం పెట్టింది, చదువు చెప్పించింది.

పిల్లల్లో మాకు మేమే పెట్టుకున్న ఎక్కువ తక్కువలు ఉండేవి. తల్లిదండ్రులు చచ్చిపోయిన పిల్లలు ఎక్కువ. అందులో వాళ్ళ తప్పేమీ లేదు కదా. బతికుండి వదిలేసినవాళ్ళ పిల్లలం తక్కువ. మాలో ఏదో లోపం ఉంటేనే కదా వదిలేస్తారు? నాలో లోపం ఏమిటని ఎంత వెతుక్కున్నానో. నల్లగా ఉన్నాననా? ఎక్కువ తింటాననా? అమ్మ పోయిన రోజు అందరిలా ఏడవలేదనా? ఈ తక్కువతనం భరించలేక చాలామంది బతికున్న తల్లిదండ్రులను కథల్లో చంపేసుకున్నారు. ఒకతి తండ్రిని పాము కరిచింది. ఇంకొకతి తల్లి బావిలో పడింది. నాకు మాత్రం నాన్నను చంపడానికి మనసు రాలేదు. రైల్వేలో పని చేస్తాడని, సెలవు దొరకడం లేదని చెప్పేదాన్ని. ఒకరి మాట ఒకరం నమ్మేవాళ్ళం కాదు. అలాగని నిలదీసేవాళ్ళమూ కాదు.

శాంత ఒక్కతే ఏ కథా అల్లలేదు. నాకంటే చాలా చిన్నది. న్యాల్‌కల్ అవతల ఏదో పల్లె. తండ్రి పోయాక తల్లి తెచ్చి దింపి, షోలాపూర్ దిక్కు పనికి పోయింది. శాంత అన్నది హాస్టల్లో పెట్టిన పేరు. ఊళ్ళో పిలిచే పేరు మోటుగా ఉంటే అమ్మగారు మార్చేసేది, మళ్ళీ ఆ పేరుతో పిలిస్తే ఊరుకునేది కాదు. తన అసలు పేరు పెంటమ్మ అని ఆ పిల్ల నా ఒక్కదానికే చెవిలో చెప్పింది. పుట్టగానే తల్లి తనను పెంటకుప్ప మీద పారేసిందట, అందుకే ఆ పేరట. ఊళ్ళో ముసలమ్మలు ఆటపట్టించిన మాటను పట్టుకుని నిజమనుకుంది. నేనూ నిజమే అనుకున్నాను. నన్ను పారేసిన్రు అని ఆ పిల్ల ఎంత మామూలుగా అనేదో, వింటే నాకే ఒళ్ళు మండేది. ఏ తల్లి మీద మండేదో, ఏ తండ్రి మీద మండేదో, అప్పుడు తెలియదు. నా పక్కనే పడుకునేది. నేను జడ వేస్తే తప్ప బడికి కదిలేది కాదు. ఆ పిల్ల తప్ప నాకు నా మనిషి అనేవాళ్ళు లేరు. ఇది సాకు కాదు. సాకేనేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఒక ఆదివారం అందరూ చర్చికి పోయారు. వంట వంతు నాది కాబట్టి నేను ఉండిపోయి, అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఒక ఆడమనిషి వచ్చి గేటు బయటే చెప్పులు విడిచింది. ఎండకు కమిలిన మొహం, చంకలో చిన్న మూట. నేనింకా పిల్లనే. అయినా ఉతికిన బట్టలు వేసుకుని అరుగు మీద కూర్చున్నదాన్ని చూసి ఆమెకు నేనే పెద్దదానిలా కనిపించి ఉంటాను.

"బిడ్డా, జర మా పెంటమ్మను పిలువు" అంది.

ఏ పెంటమ్మ అని అడిగాను. తెలిసే అడిగాను.

"దానికంటె ముందు ముగ్గురు పుట్టి పోయిన్రు బిడ్డా. ఇదన్న దక్కాలని పుట్టంగనే పెంట మీద పండవెట్టిన. మా వదినె ఎత్తుకుంటె, చాటెడు తవుడు ఇచ్చి మళ్ళ కొనుక్కున్న. అట్ల కొనుక్కున్న బిడ్డను ఇడుస్తనా? పానం బాగలేక షోలాపూర్ల పడి ఉంటి. గిప్పుడు తోల్కపోత."

అదన్నమాట. పారెయ్యడం కాదు. పిల్లలు దక్కని తల్లులు మా దిక్కు చేసే మొక్కు లాంటి పని అది. పనికిరాని దానిలా కుప్ప మీద పెడితే చావు కన్ను పడదని. అంత కావాలనుకున్న బిడ్డ. ఆ క్షణంలో నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. లోపల ఏదో భగ్గుమంది. దీనికి తల్లి వచ్చిందా? నాకు రానివాళ్ళు దీనికి ఎలా వచ్చారు? ఇది పోతే రాత్రి నా పక్కన ఎవరు పడుకుంటారు?

"ఉండె" అన్నాను. "సాదుకుంటమని ఎవరో తోల్కపోయిన్రు. యాడికో తెల్వదు. మళ్ళ మళ్ళ అడిగితె అమ్మగారు కోపం చేస్తరు."

ఆమె అరవలేదు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గేటు పట్టుకుని ఒక్కటే అడిగింది.

"మంచోళ్ళేనా బిడ్డా? కడుపుకింత పెడ్తరా?"

"మంచోళ్ళే" అన్నాను.

ఆ మాటకు ఆమె మొహం తేటపడింది. నన్ను ఇప్పటికీ నిద్ర లేపేది ఆ మొహమే. మూట విప్పి, పేలాల ముద్దలు నా ఒళ్ళో పెట్టి, తినమని నా తల నిమిరి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. పిలవడానికి నాకు బోలెడంత సమయం ఉంది. రోడ్డు మలుపు దాకా కనబడుతూనే ఉంది. పిలవలేదు.

ఇంతటితో ఆగినా సరిపోయేది. అందరూ చర్చి నుంచి వచ్చాక ఆ ముద్దలు పంచిపెట్టాను. ఎవరిచ్చారని అడిగితే మా నాన్న వచ్చాడని చెప్పాను. ఛీ, ఏం మనిషిని నేను. ఆ పూట హాస్టలంతా నా చుట్టే తిరిగింది. శాంత రెండు ముద్దలు తిని, నాకు నాన్న వచ్చినందుకు నాకంటే ఎక్కువ మురిసిపోయింది. ఆయన ఎట్లుంటడు, ఏం మాట్లాడిండు అని రోజంతా అడిగింది. అన్నీ కల్పించి చెప్పాను.

ఆమె మళ్ళీ వస్తుందని చాలాకాలం గేటు వంకే చూశాను. మొదట భయంతో చూశాను. తర్వాత తర్వాత, వస్తే బాగుండునని చూశాను. రాలేదు. నాకు టీచరు పని దొరికాక ఒకసారి, శాంత వాళ్ళ పల్లె ఏదో కనుక్కుని వెళ్ళాను. గుడిసె కూలిపోయి ఉంది. ఎటు పోయిందో ఎవరికీ తెలియదన్నారు. కనీసం పెంటకుప్ప సంగతైనా శాంతకు చెప్పొచ్చు కదా, నిన్ను పారెయ్యలేదే పిచ్చిదానా అని? చెబితే నీకెట్ల తెలుసు అంటుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి, ఆ పిల్లను కుప్ప మీదే ఉంచేశాను.

అరవైలు ముగిసేలోపు శాంత పెళ్ళి కుదిరింది. మొగుడంపల్లి వడ్రంగి, నెమ్మదైనవాడు. తల్లి కూర్చోవలసిన చోట నన్నే కూర్చోమని పట్టుబట్టింది. ఆ పొద్దున నేను తలలో పూలు పెడుతుంటే, అద్దంలో నన్ను చూస్తూ అంది.

"అక్కా, ఇయ్యాల మా అమ్మను మాఫ్ చేసిన. పారేసినా సరే, మళ్ళ రాకపోయినా సరే. దిల్ల ఏం వెట్టుకోలే."

చెయ్యని తప్పుకు ఆ తల్లికి మాఫీ దొరికింది. చేసినదాన్ని, వెనకాలే నిలబడి పూలు సర్దుతున్నాను. అప్పుడైనా చెప్పాలి. మంచిపని చేసినవ్ అన్నాను. వెళ్ళి చర్చిలో ముందు వరసలో, ఆ తల్లి చోట్లో కూర్చున్నాను.

శాంత ఇప్పుడు మనవరాళ్ళతో సుఖంగానే ఉంది. పండగకు నాకు చీర పెడుతుంది. ఆమెకు చెప్పవలసింది మీకు చెబుతున్నాను, పిరికితనమే. రేపు ఆమెకు చెబుతానని మాట ఇవ్వలేను. ఇన్నాళ్ళూ ఇలాంటి మాటలు నాకు నేనే ఎన్నో ఇచ్చుకున్నాను. ఆమె తల్లి ఆమె కోసం వచ్చిందని ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.