నంబరు ముక్క

రాష్ట్రంలో జిల్లాలు విడదీసిన ఏడాది నన్ను తెనాలి యూనిట్ ఆఫీసు నుంచి బాపట్ల రవాణా కార్యాలయానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. సర్వీసులో నాకదే ఆఖరి పోస్టింగు. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్లంటారు. మా కింద అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్లు, పైన జిల్లా రవాణా అధికారి. లైసెన్సు పరీక్షలు, లారీల ఫిట్‌నెస్, బడి బస్సుల తనిఖీ, ప్రమాదమైతే బండి చూసి రిపోర్టు రాయడం మా పని. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనగానే జనానికి గుర్తొచ్చే ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. అనుకునేవాళ్లు అనుకోండి, నేను రాయబోయేది అది కాదు.

సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండిని ఇన్‌స్పెక్టరు ముందు పెట్టి రెన్యువల్ చేయించుకోవాలి. బ్రేకులు, లైట్లు, పొగ అన్నీ చూస్తాం గాని, ముందు చూసేది ఛాసిస్ నంబరు. కంపెనీవాళ్లు ఇనుము మీద గుద్ది పంపే అంకెలవి. వాటి మీద పల్చటి కాయితం పరిచి పెన్సిలుతో రుద్దితే నంబరు తేలుతుంది. ఆ ప్రింటు ఆర్సీతో సరిపోతేనే మిగతా మాటలు. బండికి రంగు మారొచ్చు, ఓనరు మారొచ్చు. ఈ నంబరు మాత్రం మనిషికి పుట్టుమచ్చ లాంటిది.

పూర్ణచంద్రరావు గారిది రేపల్లె. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. ఒకరోజు ఉదయం ఆయనా, భార్య సరోజిని గారూ మా తనిఖీ మైదానానికి వచ్చారు. వెనకాలే చిన్న లారీ మీద కారు. గడువు తీరిన బండిని రోడ్డు మీద నడపకూడదని లారీకెక్కించి తెచ్చారు. అంత పద్ధతైన మనిషి.

కారు దింపేసరికి ఆఫీసు ఆఫీసంతా బయటికొచ్చేసింది. యాభై ఏళ్లు దాటిన నాలుగు తలుపుల బండి, స్టీరింగు పక్కనే గేరు. ఏ కంపెనీదో చెప్పనక్కర్లేదు, అప్పట్లో మన రోడ్ల మీద తిరిగినవే రెండు మూడు రకాలు. మీగడ రంగు వేయించారు. తలుపు వేస్తే ఎక్కడా రేకు మోగలేదు. పాత బండి మీద అంతటి పనితనం నా సర్వీసులో చూడలేదు. లైసెన్సు పరీక్షకొచ్చినవాళ్లు సెల్ఫీలు దిగుతుంటే కసిరి పంపించాను. తీరా చూస్తే నేనే దాని చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నానని మా అసిస్టెంటు నవ్వాడు.

సరోజిని గారి చేతిలో క్యారియరుంది. పులిహోర చేసి తెచ్చారట. సంగతేమిటంటే, పెళ్లయిన కొత్తలో ఆయన ఈ కారులోనే ఆవిడను సూర్యలంక సముద్రానికి బయల్దేరదీశారు. అప్పుడది ఆయన తండ్రి గారి కారు. అది కాస్తా దారిలో చెరుకుపల్లిలో ఆగిపోతే ఎడ్లబండికి కట్టి ఇంటికి లాక్కెళ్లారు. ఆ ప్రయాణం అక్కడే ఉండిపోయింది. ఈ పూట కారు పాసైతే ఇటునుంచిటే సముద్రానికి వెళ్లాలని ఇద్దరూ అనుకుని వచ్చారు. ఇన్నేళ్లలో సముద్రం చూడనే లేదా అమ్మా అని అడిగితే, బస్సులో బోలెడుసార్లు చూశాననీ, అది లెక్కలోకి రాదనీ అన్నారు.

బ్రేకు పట్టింది. లైట్లు, హారను, పొగ అన్నీ బాగున్నాయి. బానెట్ ఎత్తి, ఇంజను వెనక గోడలా ఉండే రేకు మీద నంబరుకు ప్రింటు తీశాను. అంకె అంకె ఆర్సీతో సరిపోయింది. అయినా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఎందుకో చెప్పాలి. లారీకి, జీపుకి కింద ఉక్కు చట్రం వేరు, పైన బాడీ వేరు. నంబరు చట్రం మీద ఉంటుంది, బాడీ ఎన్నిసార్లు మార్చినా దానికేం కాదు. ఈ రకం కార్లలో బాడీయే చట్రం. నంబరు బాడీ రేకు మీదే గుద్ది ఉంటుంది. నా ముందున్న రేకు చూస్తే కొత్తది. దాని మీద అంకెలు పాతవి. మా జేబుల్లో అయస్కాంతం ముక్క ఒకటుంటుంది. రేకుకు అతుక్కుంటుంది, పుట్టీ పెట్టినచోట జారిపోతుంది. నంబరు చుట్టూ తిప్పాను. నాలుగు వైపులా సన్నటి గీత మేర జారిపోయింది.

పూర్ణచంద్రరావు గారిని అడిగితే ఆయన ఏమీ దాచలేదు, పైగా మురిసిపోతూ చెప్పారు. రేపల్లె ఉప్పు గాలికి కింద నేల రేకు, తలుపులు, డిక్కీ మొత్తం తుప్పు తినేసిందట. ఫైబరు బాడీ చవగ్గా వస్తుందని కొందరు చెప్పినా, అది ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుందని ఒప్పుకోలేదు. తెనాలిలో టింకరింగ్ షెడ్డున్న సుభానీ గారికి అప్పజెప్పి, పాత బాడీని అచ్చుగా పెట్టుకుని కొత్త రేకుతో బాడీ అంతా చేయించారు. రిటైర్మెంటు డబ్బులో చాలా భాగం దానికే పోయింది. అద్దాల చుట్టూ రబ్బరు కోసం, బంపర్లకు పాలిష్ కోసం ఆయన తిరగని ఊరు లేదు. చివరికి నంబరున్న ముక్కను మాత్రం పాత రేకు నుంచి కోసి కొత్త బాడీలో అతికించారు. కారు మొత్తమ్మీద తండ్రి చెయ్యి తగిలిన రేకు అదొక్కటేనట.

దొంగ బండ్లను మార్చేవాళ్లు చేసేదీ సరిగ్గా ఇదే. ఎక్కడో తుక్కయిన కారు నంబరు కోసుకొచ్చి దొంగ కారుకు అతికిస్తారు. అందుకే నంబరు చుట్టూ అతుకు కనిపిస్తే ఇన్‌స్పెక్టరు కలం ఆపాల్సిందే. ఆ ముక్క మంచిదా, చెడ్డదా అని రూలు అడగదు. ఆ మాటే ఆయనతో చెప్పాను. ఆయన మొహం చూడలేక కాయితాలు సర్దుకున్నాను. సరోజిని గారే ముందుగా తేరుకుని అన్నారు:

“అప్పుడు చెరుకుపల్లిలో ఆగింది. ఈసారి బాపట్ల దాకా వచ్చిందండీ. నయమే కదా.”

పులిహోర మాకే పెట్టేసి వెళ్లారు. కారు మళ్లీ లారీ ఎక్కింది.

విచారణకని తెనాలి వెళ్లాను. సుభానీ గారిది నందివెలుగు రోడ్డులో చిన్న షెడ్డు. నేను తెనాలిలో పనిచేసినన్నాళ్లూ రోజూ ఆ దారినే ఆఫీసుకు పోయేవాణ్ని, ఆ కారు అప్పుడు లోపల తయారవుతోందన్నమాట. రేకును ఇసుక సంచీ మీద పెట్టి కొయ్య సుత్తితో ఒంపు తెచ్చి, పాత రేకు మీద ఆనించి చూసి, మళ్లీ కొట్టి, అలా ఒక్కో భాగం చేశారాయన. టాపు ఒంపు కుదరక మూడుసార్లు రేకు పారేశారు. కొత్త భాగం కుదిరాక దాని పాతది తుక్కు కొట్టుకు పోయేది. షెడ్డులో చోటు లేదు మరి. పాత బాడీలో ఏమైనా మిగిలిందా అని అడిగితే ఒక్క రేకు కూడా లేదన్నారు. అది గాని ఉంటే, కోసిన చోటుకు ముక్కను ఆనించి చూపించి పైవాళ్లను ఒప్పించడానికి ఏదో దారి దొరికేది.

నంబరు ఎందుకు కోశారని అడిగాను. ఆయన నాకేసి వింతగా చూశారు.

“నంబరు పారేస్తే అది వేరే బండైపోద్ది గదండీ. అందుకే ముందు దాన్నే కోసి, గుడ్డలో చుట్టి ఇంట్లో బీరువాలో పెట్టా.”

తెనాలి టింకర్లందరిదీ అదే పద్ధతి. బాడీ మార్చే ముందు బండిని ఆఫీసుకు తెచ్చి అర్జీ పెట్టుకుంటే, పాత బాడీ మీద నంబరు మేం చూస్తాం, అనుమతి వస్తే కొత్త రేకు మీద మా కళ్ల ముందే గుద్దించుకోవచ్చు. ఈ సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గుమ్మం పని లేకుండా ఎవడు తొక్కుతాడు? ఆ షెడ్డుకూ అప్పటి నా తెనాలి కుర్చీకీ మధ్య అరమైలు లేదు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో మాత్రం చెప్పలేను.

వింటేజ్ దారి కూడా చూశాను. యాభై ఏళ్లు దాటిన బండ్లకు వేరే రిజిస్ట్రేషను వచ్చింది. అయితే బాడీ, ఛాసిస్, ఇంజను మొదటి రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఈ బాడీలో పాతది అరచేతంత ముక్క. రెన్యువల్‌కేమో ఆ ముక్కే అడ్డం. పాతదిగా ఒప్పుకోరు, కొత్తదిగా రాసుకోరు. అంకెలు దిద్దినవి కావని, మోసం ఏమీ కనిపించలేదని రిపోర్టులో గట్టిగా రాశాను. దానివల్ల పోలీసు కేసు లేకుండా పోయింది. రెన్యువల్ మాత్రం పైనుంచి తిరస్కరించారు. ఆ కాయితం మీద నేనే సంతకం చేసి రేపల్లె పంపాను.

మరుసటి ఏడు పూర్ణచంద్రరావు గారు కారును సూర్యలంక రోడ్డులో ఒక రిసార్టుకు అమ్మారు. గేటు ముందు అలంకారంగా పెట్టుకుంటారట. ఇంకొకరు ఎక్కువిస్తామన్నా ఈయన ఇవ్వలేదని తర్వాత తెలిసింది. రోడ్డెక్కని బండికి ఆర్సీ రద్దు చేయించాలి. అందుకు పద్ధతేమిటంటే, ఛాసిస్ నంబరున్న రేకును బండి నుంచి కోసి ఆఫీసులో అప్పగించాలి.

ఆ ముక్క తెచ్చింది సుభానీ గారే. ఇంకొకడి కత్తెర పడితే బాడీ పాడవుతుందని, తెనాలి నుంచి వచ్చి తన అతుకు మీదుగా తానే కోశారట. గుడ్డ విప్పి నా టేబులు మీద పెట్టారు. అంచుల వెంట ఆయన వెల్డింగు ఇంకా ఉంది. నేను రసీదు రాసి చేతికిస్తుంటే, ఎగతాళి ఏమీ లేకుండా, తెలుసుకుందామనే అడిగారు:

“ఈసారి రూలు ప్రకారమే కోసినట్టాండీ?”

అవునండీ, సరిగ్గానే కోశారన్నాను. నిజానికి రెండుసార్లూ ఒకే చోట, ఒకే శ్రద్ధతో కోశారు. రెండోసారి మేం కొయ్యమన్నాం, అంతే తేడా.

పాత కారుకు కొత్త బాడీ చేయించాలనుకునేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. మంచి టింకరు దొరకడం కష్టం, దొరికాక డబ్బూ ఓపికా పోస్తే కారు తయారవుతుంది. కాని మొదటి రేకు కొయ్యకముందే బండిని ఆఫీసుకు తీసుకెళ్లి చూపించండి. ఆర్సీ చేతికొచ్చేదాకా పాత బాడీని తుక్కుకు వెయ్యకండి. ఆఫీసు తను చూసినదాన్నే నమ్ముతుంది, తర్వాత ఎంత నిజం చెప్పినా దానికి అక్కర్లేదు.

రిసార్టు గేటు దగ్గర ఆ కారు ఇప్పటికీ ఉంది. అక్కణ్నుంచి సముద్రం కనిపిస్తుంది.