పెట్రోలు మూత దగ్గర సొట్ట

మా ఆయనకి ముక్కుమీద కోపం అంటే తక్కువ చేసి చెప్పినట్టే. ఆ కోపం ముక్కుమీద ఎప్పుడూ ఆగలేదు, నేరుగా చేతుల్లోకి దిగేది. షెడ్డులో పెట్రోలు ట్యాంకు విప్పి ఉండగా సిగరెట్టు ముట్టించిన ఒక పెద్దమనిషి చెంప ఛెళ్ళుమనిపించాడు. నకిలీ వాల్వు అంటగట్టిన స్పేరుపార్టుల కొట్టువాడి పన్ను రాలగొట్టాడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకయ్యా అంటే, గొడ్డలే చేతికి దొరికింది మరి అనేవాడు. నామీద ఒకేఒక్కసారి చెయ్యెత్తాడు. అప్పుడు నా చేతిలో పొయ్యి మీంచి తీసిన పెనం ఉంది. ఎత్తిన చెయ్యి తల గోక్కోవడానికి వెళ్ళిపోయింది. మళ్ళీ లేవలేదు.

పని దగ్గర మాత్రం ఆయన వేరే మనిషి. ట్యాంకులో పెట్రోలు ఊరికే ఉండదు, ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలిలో కలవకుండా బొగ్గు నింపిన డబ్బా ఒకటి పట్టి ఉంచుతుంది, ఇంజను తిరిగేటప్పుడు ఆ ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది. ఈ దారిలో ఎక్కడ సూదిమొనంత కన్నం పడ్డా డ్రైవరు ముందు మీటర్ల దగ్గర ఇంజను దీపం వెలుగుతుంది. బండి మాత్రం బాగానే నడుస్తుంది, అదే చిక్కు. చాలామంది దీపం ఆర్పేసి పంపేస్తారు. మా ఆయన అలా కాదు. మూత రబ్బరు, వాల్వు, గొట్టాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి, అప్పటికీ దొరక్కపోతే పొగ మిషను తగిలించి లోపలికి పల్చగా పొగ వదులుతాడు. పొగ ఎక్కడ బయటికొస్తే కన్నం అక్కడ. టార్చి పట్టుకుని నేలమీద వెల్లకిలా పడుకుని, చంటిపిల్లని నిద్రపుచ్చేంత ఓర్పుగా చూస్తాడు. అందుకే అందరూ ఆయన్ని పొగమేస్త్రీ అంటారు. ఫోన్లు, బిల్లులు, ఆయన తెచ్చిపెట్టే తగాదాలు సర్దడం నా పని.

ఆ దీపం గోలతోనే ఒక తెల్లకారు మా షెడ్డుకి మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఓనరు ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట కూడా అంతే. మొదట మూత మార్చాం. తర్వాత వాల్వు మార్చాం. దీపం ఆరినట్టే ఆరి మళ్ళీ వెలిగింది.

"చేతకాకపోతే చెప్పండి, ఇంకో షెడ్డు చూసుకుంటాను," అన్నాడు ఆ మధ్యాహ్నం.

"పొగ పెట్టి చూస్తాను. కూర్చోండి సార్," అన్నాడు మా ఆయన, పళ్ళు బిగించి.

వెనక సీట్లో అతని భార్య ఉంది. తల చుట్టూ చున్నీ బిగించి కట్టుకుంది. దిగి లోపల కూర్చోమన్నాను. "ఆయన దిగమంటే దిగుతానండీ," అంది. నాకు ఒళ్ళు మండింది. అయినా ఎవరి సంసారం వాళ్ళదని నోరు మూసుకున్నాను.

పొగ వెనక చక్రం పైనుంచి వచ్చింది, పెట్రోలు పోసే చోటుకి సరిగ్గా కింద. మా ఆయన చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ తొడుగు ఊడదీశాడు. మూత దగ్గర్నుంచి ట్యాంకులోకి దిగే గొట్టం లోపలికి వంగి, తుప్పు పట్టిన చోట పగిలి ఉంది. పైన రేకుమీద గిన్నెంత సొట్ట. ఇదివరకే ఒకసారి దాన్ని సరిచేసి రంగు వేయించారు, మళ్ళీ అక్కడే పడింది.

"ఇక్కడేం తగిలింది సార్?"

"గేటు."

గేటు తగిలితే గీత పడుతుంది, రంగు లేస్తుంది. ఇక్కడ గీత లేదు. మా ఆయన మూత మీది చిన్న తలుపు తెరిచి టార్చి వేసి చూసి, నన్ను పిలిచాడు. ఆ తలుపు బందులో పొడుగాటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. కుదుళ్ళ దగ్గర ఎండిన చర్మం ముక్క. ఆమె చున్నీ ఎందుకు కట్టుకుందో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

మా ఆయన ఓనరుని పిలిచి చూపించాడు. అతను కనీసం తడబడలేదు.

"అది మా ఇంటి గొడవ. నువ్వు గొట్టం మార్చు, చాలు," అన్నాడు. నవ్వి, "దాని తల అంత గట్టిదని నాకూ తెలీదు," అని కలిపాడు.

ఆ నవ్వు పూర్తి కాలేదు. మా ఆయన అతని మెడ పట్టి ముఖాన్ని ఆ సొట్టకేసి కొట్టాడు. ముక్కు విరిగిన చప్పుడు నాకు వినపడింది. మళ్ళీ కొట్టాడు. అబద్ధమెందుకు, నా ప్రాణం చల్లబడింది. అతను కింద పడుతూ చక్రం విప్పే స్పానరు అందుకుని మా ఆయన చెవిమీద మోదాడు. చెవి చీలి రక్తం చొక్కాలోకి కారింది. అప్పుడు భయమేసింది. మా ఆయన నడుం పట్టుకుని లాగబోతే మోచెయ్యి నా దవడకి తగిలి పక్కకి పడ్డాను. ఆయన ఆ స్పానరు పట్టిన చేతిని బూటుకాలితో నేలకేసి తొక్కాడు. అతను కేకపెట్టాడు. ఈయన కాలు తియ్యలేదు.

కారు తలుపు తెరుచుకుంది. ఆమె పరుగున వచ్చి మా ఆయన్ని రెండు చేతులతో తోసి, చెంప మీద కొట్టింది.

"ఆపండి. మీకేం, కొట్టేసి చేతులు కడుక్కుంటారు. మీరు వేసిన ప్రతి దెబ్బా ఇంటికెళ్ళాక నాకు పడుతుంది."

మా ఆయన కాలు తీసేశాడు. మా కాపురం మొత్తంలో ఆయన్ని ఒక మాట అలా ఆపడం నేను చూడలేదు. కింద పడున్న మనిషి రక్తం ఉమ్మి, తనని కాపాడిన భార్యవైపే చూశాడు.

"ఇంటికి పద. ఈసారి నీ తల మిగలదు," అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

"వస్తున్నానండీ," అని అతన్ని లేపడానికి వంగింది ఆమె.

నేను వెళ్ళి ఆమె రెక్క పట్టుకున్నాను. "లేపకమ్మా. ఈ మనిషితో వెళ్తే చస్తావు."

"వెళ్ళకపోతే ఎక్కడికి పోనక్కా? పుట్టింటికి పోతే మా అన్నయ్యే వెనక్కి తెచ్చి దింపుతాడు."

మా ఆయన చెవికి పాతగుడ్డ అదుముకుని మా వ్యాను స్టార్టు చేశాడు. ఆమె ముఖంలోకి చూడలేక తల తిప్పుకుని, "ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తానమ్మా. చెప్పు," అన్నాడు.

"నాకు తెలీదన్నా," అంది. అలా అంటూనే ఎక్కింది. నేను పక్కన కూర్చున్నాను. వెనక షెడ్డులోంచి అతని తిట్లు వీధి మలుపుదాకా వినపడ్డాయి.

ఆమె సీటు అంచున, తలుపు పిడి పట్టుకుని కూర్చుంది. చున్నీ మీద రక్తపు మచ్చ ఒకటి తడిగా పెరుగుతోంది, ఆమె దాన్ని పట్టించుకోలేదు.

"ఆయన చెయ్యి విరిగిందా?" అని అడిగింది చివరికి.

"విరిగినట్టే ఉందమ్మా," అన్నాను.

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి."

ఆమె తలుపు పిడి వదిలేసి, సీటుకి వెనక్కి ఆనుకుని కూర్చుంది.