అడగని జనరల్ షిఫ్టు

నన్ను రాత్రి డ్యూటీలుండని జనరల్ షిఫ్టుకి మార్చిన సంగతి అందరికన్నా ఆఖరున తెలిసింది నాకే.

అప్పటికి నేను స్టీలు ప్లాంటు ల్యాబులో కెమిస్టుని. కొలిమి దగ్గర్నుంచి వచ్చిన ఉక్కు ముక్కని సానబట్టి, కార్బన్ ఎంతుందో, గంధకం ఎంతుందో చూసి ఫోనులో చెప్పేదాన్ని. నేను చెప్పేదాకా అవతల పని ఆగేది. ఎమ్మెస్సీ చదివింది అందుకే. నాదీ మా ఆయనదీ షిఫ్టు డ్యూటీలే. పాప దగ్గర ఎవరో ఒకరం ఉండేవాళ్లం. నిద్ర చాలేది కాదు. అయినా ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేయడం రాక కాదు.

మా విభాగం పెద్దాయనది మా అత్తగారి ఊరివైపే. ప్లాంటులో ఆయన సర్, మరోదా కాలనీలోని మా క్వార్టర్‌కి వస్తే బాబాయ్. వ్రతం రోజు భోజనాల దగ్గర మా అత్తగారు ఆయనకి పప్పు వడ్డిస్తూ, "కోడలు రాత్రుళ్లు డ్యూటీకెళ్తంటే బాగులేదు బాబూ, ఏటైనా చూడు" అన్నారట. ఆ సమయానికి నేను వంటింట్లో గారెలు వేయిస్తున్నాను.

తర్వాతి వారం ఆర్డరు వచ్చింది. ఆడ ఉద్యోగులకి ఇల్లూ పనీ కుదరాలని కొత్త పాలసీ అట. నన్ను సందర్శకుల డెస్కులో వేశారు.

"నేనడగలేదు సర్."

"అడక్కుండానే చేసీసేను కదమ్మా. ఇంకేటి కావాలి?"

వచ్చినవాళ్లకి హెల్మెట్లు ఇస్తాను, వెళ్లేటప్పుడు తీసుకుంటాను. పక్క సీటు హిందీ అమ్మాయి, "దీదీ, మీ లైఫ్ సెట్ హై" అంది. అది నేను మరిచిపోలేదు. వెలుతురుండగానే ఇల్లు చేరతాను. మా ఆయన డ్యూటీలో, పాప ట్యూషన్‌లో ఉంటారు. కుర్చీలో కూర్చుంటాను. సంతోషంగా ఉండాలని తెలుసు. లోపల ఏదీ కదలదు.

ల్యాబులో ఖాళీ వచ్చినప్పుడు అర్జీ పెట్టాను. జవాబు లేదు. ఆదివారం ఇంటికొచ్చిన బాబాయ్‌నే అడిగాను.

"అత్తగార్ని అడిగేవా?"

"ఆవిడది ప్లాంటులో ఏం పోస్టు బాబాయ్?"

మా ఆయన దగ్గాడు. బాబాయ్ నవ్వి, "ఇంట్లో ఆఫీసు మాటలెందుకమ్మా" అన్నారు.

ఆ ఖాళీలో మెకానికల్ డిప్లొమా చేసినతన్ని వేశారు. అతనికి ఆ పని రాదు, రాత్రి డ్యూటీలు పడవు. ఒకరోజు నా డెస్కు దగ్గరికొచ్చి, "మేడమ్, మీ సీటు నాకిచ్చీండి, పుణ్యముంటాది" అన్నాడు. ఇద్దరం సీట్లు మార్చుకుంటామని మ్యూచువల్ అర్జీ పెట్టుకున్నాం. ఇద్దరం కలిసే సర్ దగ్గరికి వెళ్లాం.

"ఆడపిల్లని నైటుకెలా వేస్తానమ్మా? పాలసీ నీకోసమే కదా."

అర్జీ తిరిగొచ్చింది. మళ్లీ పెట్టాం, మళ్లీ తిరిగొచ్చింది. ఆ తర్వాతిది రాసి అతని దగ్గరికి తీసుకెళ్తే కళ్లు నులుముకుంటూ చదివి, వెనక్కిచ్చేశాడు.

"వద్దు మేడమ్. అలవాటైపోయింది."

రెండు సంతకాలు ఉండాల్సిన కాగితం అది. నాదొక్కటే పెట్టి సర్ గదిలోకి పంపాను.